మొదటి పేజీలో చెయ్యి

లాక్‌డౌన్‌లు పూర్తిగా ఎత్తేసి ఆఫీసులు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, జూన్ నెలలో నన్ను హైదరాబాద్ నుంచి ఏలూరుకు బదిలీ చేశారు. హోదా డిజైన్ హెడ్. పదవీ విరమణకు ఎక్కువ కాలం లేదు. అలాంటి సమయంలో బదిలీ అంటే సాధారణంగా పక్కన పెట్టడమే. నా విషయంలో అది పూర్తిగా నిజం కాదు. మా కంపెనీ బియ్యం బస్తాలు, చేపల మేత సంచులు, మసాలా పొట్లాలు తయారుచేసి అచ్చు వేసేది. కొనేవాళ్లలో సగం మంది ఈ వైపు వాళ్లే. సంచి మీద రంగు మార్చాలన్నా వాళ్లు హైదరాబాద్ దాకా తిరగాల్సి వచ్చేది. అందుకని వట్లూరు వైపు ఒక మేడ మీద చిన్న డిజైన్ శాఖ తెరిచి, ఈ ప్రాంతం తెలిసిన మనిషని నన్ను పంపారు. మాది తాడేపల్లిగూడెం. మా నాన్నగారిది అక్కడ హోల్‌సేల్ కిరాణా వ్యాపారం.

ప్యాకేజింగ్ డిజైన్ అంటే సంచి మీద బొమ్మ వేయడమేనని చాలామంది అనుకుంటారు. బొమ్మ అందులో ఒక భాగం మాత్రమే. నిండిన సంచి ఎక్కడ ఉబ్బుతుంది, కుట్టు ఎక్కడ పడుతుంది, దొంతర పేర్చినప్పుడు ఏ వైపు కనబడుతుంది, తడిసిన చేత్తో పట్టుకుంటే ఏ అక్షరం చెరిగిపోతుంది, ఇవన్నీ తేల్చుకున్నాకే బొమ్మ. ఈ పనికి రెండు పోస్టులు మంజూరయ్యాయి. ఒకటి డిజైనర్, రెండోది దాని కింది మెట్టు జూనియర్ డిజైనర్. జీతంలోనూ, ఎదుగుదలలోనూ ఆ ఒక్క మెట్టుకు చాలా తేడా ఉంటుంది. దాన్ని ఎక్కడానికి కొందరికి ఏళ్లు పడుతుంది.

ఎంపిక పద్ధతి ఇలా ఉండేది. అభ్యర్థులు తమ పోర్ట్‌ఫోలియోలు పంపాలి. పోర్ట్‌ఫోలియో అంటే డిజైనర్ తాను చేసిన పనుల్లో కొన్నిటిని ఏరి వరసగా కూర్చిన పుస్తకం. శాఖాధిపతి వాటిని పరిశీలించి, లోపాలు చెప్పి, అందరికీ ఒక్కసారి సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి. తర్వాత పేర్లు తీసేసి హైదరాబాద్‌లో ముగ్గురు సీనియర్లున్న ప్యానెల్‌కు పంపాలి. వాళ్లు తెర మీద చూసి కొందరిని ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఇంటర్వ్యూలో శాఖాధిపతి కూర్చోవచ్చు, మార్కులు వేయకూడదు. నేనూ అంతకుముందు చాలా ఏళ్లు ఆ ప్యానెల్‌లో కూర్చున్నదాన్నే. ఒక్కో పోర్ట్‌ఫోలియోకు దక్కే సమయం టీ చల్లారేంత కూడా ఉండదని నాకు తెలుసు. మొదటి పేజీలో పని కనబడితే పేజీ తిప్పే చెయ్యి ఆగుతుంది. రాత కనబడితే చెయ్యి ముందుకు పోతుంది. ప్యానెల్‌లో ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. రోజంతా చూసి చూసి వాళ్ల కళ్లు అలిసిపోయి ఉంటాయి, అంతే.

ఏలూరులో వచ్చిన పోర్ట్‌ఫోలియోలు చూసి నాకు తల తిరిగిపోయింది. దాదాపు అన్నీ ఒకే అచ్చులో ఉన్నాయి. మొదటి పేజీలో వినాయకుడు. తర్వాత తల్లిదండ్రులకు, గురువులకు, కళాశాల యాజమాన్యానికి కృతజ్ఞతలు. ఆ తర్వాత జీవిత లక్ష్యం, చదువు వివరాలు, డిజైన్ అంటే ఏమిటో రెండు పేజీల ఉపన్యాసం. ఇవన్నీ దాటుకుని వెళితే ఎక్కడో ఒక సబ్బు పెట్టె బొమ్మ. ఇదెక్కడ చూశానా అని కాసేపు ఆలోచిస్తే అర్థమైంది. మన వైపు శుభలేఖ వరస ఇది. పైన శ్రీరస్తు శుభమస్తు, తర్వాత తాతముత్తాతల పేర్లు, పిలిచే పెద్దల పేర్లు, ఇవన్నీ అయ్యాక వధూవరులు. పెద్దల్ని దాటి ముందుకు రావడం మర్యాద కాదని ఇక్కడి పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, చిన్నప్పటి నుంచి చేతిలో పడిన ప్రతి శుభలేఖా నేర్పుతుంది. పెళ్లికి ఆ వరస బాగానే ఉంటుంది. ఉద్యోగానికి మాత్రం అది ఉరితాడే.

అందరికీ ఒకటే మాట చెప్పాను. మా నాన్నగారి కొట్లో మిరపకాయల బస్తా మూతి విప్పి గుమ్మం ముందు పెట్టేవారు. బేరానికి వచ్చినవాడు ముందు సరుకు చూస్తాడు, ఘాటుకు తుమ్ముతాడు, ఆ తర్వాతే ఏ ఊరి కాయ అని అడుగుతాడు. బస్తా కట్టేసి, దాని గుణగణాలు కాగితం మీద రాసి అంటించిన వ్యాపారిని నేను ఎరగను. చాలామంది నవ్వి, తలాడించి, సరిదిద్దుకుని పంపారు. ఒక అమ్మాయి మాత్రం స్వయంగా వచ్చింది.

ఆమె పేరు నాగమణి. ఊరు కొల్లేటికోట. వట్లూరులో డిజైన్ డిప్లొమా చదివి, తాడేపల్లిగూడెంలో ఒక శుభలేఖల దుకాణంలో కార్డులు డిజైన్ చేస్తోంది. ఆ దుకాణం సూర్యనారాయణ గారిది. మా రెండు కుటుంబాలకూ బజారులో పాత పరిచయం. అమ్మాయి దరఖాస్తు పెట్టిన రోజునే ఆయన ఫోన్ చేశారు.

"అక్కయ్యగారూ, రికమండేషన్ అనుకోకండి. ఇప్పుడంతా ఫోన్లోనే శుభలేఖలు పంపేసుకుంటున్నారండి. దసరా దాకా లాగి కొట్టు మూసేద్దామనుకుంటున్నాను. తక్కిన ఇద్దరు కుర్రాళ్లకీ ఎక్కడో ఒకచోట కుదిరిందండి. ఈ అమ్మాయికే ఏదీ కుదరలేదు. తండ్రి లేడు. ఇది పోతే మళ్లీ వాళ్లమ్మతో పాటు రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికే వెళ్లాలండి."

రికమండేషన్ నా దగ్గర పనిచేయదని చెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ ఆయన చెప్పింది మనసులో ఉండిపోయింది. రొయ్యల షెడ్డులో మంచునీళ్లలో చేతులు పెట్టి పనిచేసినవాళ్ల వేళ్లు ఎలా అవుతాయో నేను చూశాను. అలాంటి చేతులతో మళ్లీ సన్నటి గీత గీయడం కష్టం.

నాగమణి పోర్ట్‌ఫోలియో మొదటి పేజీలో వినాయకుడు లేడు. పూలదండ వేసిన తండ్రి ఫొటో ఉంది. కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఆ తర్వాత పేజీల కొద్దీ ఇంగ్లీషులో రాత. చేపల చెరువుల్లో కరెంటు ప్రమాదాల గురించి, తండ్రి ఎలా పోయాడన్న దాని గురించి, డిజైనర్ల బాధ్యత గురించి. రాసిన మనిషి బాధలో అబద్ధం లేదు, కానీ చదువుతుంటే పేజీ కదలదు. చాలా లోపలికి వెళ్లాక ఒక రేకు బోర్డు ఫొటో కనబడింది. పసుపు మీద నల్లరంగు. స్విచ్ పెట్టె పిడిని కిందికి దించుతున్న ఒక చెయ్యి, దాని పక్కన నీళ్లలో ఆగిపోయిన చక్రం. ఒక్క అక్షరం లేదు. అయినా చెరువు ముఖం ఎరగని మనిషికి కూడా ముందు కరెంటు ఆపాలి అన్నది తెలిసిపోతుంది. ఆ రోజుల్లో నేను చూసినవాటిలో అంత మంచి పని మరొకటి లేదు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంది. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది. నేను నాన్చే మనిషిని కాను.

"మొదటి పేజీ తీసేయాలమ్మా," అన్నాను. "రాత కూడా."

"నాన్న ఫొటో తీసేయమంటారా అండీ?"

"అవును. ఇది పోర్ట్‌ఫోలియో, వర్ధంతి కార్డు కాదు."

మాట కటువుగానే వచ్చింది. ఆ అమ్మాయి తల దించుకోలేదు. "నాన్న లేకుండా నా పని ఎలా మొదలవుద్దండి? ఇదంతా ఆయన వల్లే కదండీ," అంది, గొంతు పెంచకుండానే.

నేను ఫొటో మాట వదిలేసి బోర్డు సంగతి అడిగాను. ఆమె చెప్పిన దాని సారాంశం ఇది. తండ్రి కొల్లేటికోట దగ్గర ఒకరి చెరువు మీద మేత వేసే పనిలో, కాపలా పనిలో ఉండేవాడు. చెరువు నీళ్లకు గాలి అందించడానికి తిరిగే చక్రాలుంటాయి, వాటిని ఏరియేటర్లంటారు. అవి కరెంటుతో నడుస్తాయి. ఒక వానరోజు మధ్యాహ్నం ఒక చక్రం ఆగిపోతే, చేపలు చచ్చి తేలిపోతాయన్న కంగారులో మెయిన్ స్విచ్ ఆపకుండా నీళ్లలోకి దిగి దాన్ని పట్టుకున్నాడు. అక్కడే పోయాడు.

"ఆ గట్టు మీద హెచ్చరిక బోర్డు లేదా?" అని అడిగాను.

"ఎందుకు లేదండీ, ఉంది. పైన దేవుడి పేరు, తర్వాత ఓనరు గారి పేరు, చెరువు పేరు, లోపలికి రాకూడదని, చేపలు పట్టకూడదని బోలెడు రాసుందండి. మెయిన్ ఆపకుండా దిగొద్దన్నది అన్నిటికన్నా అడుగున ఉంది. నాన్నకి చదవడం వచ్చండి. కానీ చేపలు పోతున్నాయని పరిగెత్తే మనిషి అడుగుదాకా చదువుతాడా అండీ?"

"అందుకని రాతంతా తీసేసి బొమ్మ గీశావు."

"అవునండి. ఊళ్లో మూడు చెరువుల మీద కట్టానండి."

"మరి ఆ బోర్డు నీ పోర్ట్‌ఫోలియోలో ఎక్కడుంది?"

ఆమె పేజీలు తిప్పుకుంటూ వెళ్లి బోర్డు దగ్గర ఆగింది. బల్ల మీదున్న తన పోర్ట్‌ఫోలియో వైపే చూస్తూ ఉండిపోయింది. తండ్రి ప్రాణం తీసిన బోర్డు వరసనే తన పుస్తకానికీ పెట్టుకుందని నేను విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఆమె ముఖం చూసి ఆ క్షణంలో నాకు చాలా బాధ వేసింది. కానీ ఓదార్చే అలవాటు లేదు. టీ తెప్పించాను.

టీ తాగాక తనే అడిగింది. "మొదటి పేజీలో బోర్డు ఒక్కటే పెడితే సరిపోద్దా అండీ?"

"పేజీ నిండా. ఒక్క అక్షరం వద్దు. అడిగినవాళ్లకు నోటితో చెప్పు."

"చెయ్యి దగ్గరగా, పెద్దగా కనబడేలా పెట్టుకోవచ్చా అండీ?"

"పెట్టుకో."

"సరేనండి, నాన్న ఫొటో తీసేస్తాను," అంది. అంతసేపు పట్టుబట్టిన మనిషి అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నాకు ఆశ్చర్యం వేసింది. నా తర్కానికి లొంగిందనుకుని కొంత సంతోషించాను కూడా.

సరిదిద్దిన పోర్ట్‌ఫోలియో వారం తిరక్కుండా వచ్చింది. చూసి నేను కుర్చీలో వెనక్కి వాలాను. తెరిచీ తెరవగానే పేజీ నిండా పసుపు, దాని మీద ఆ నల్లటి చెయ్యి. తర్వాతి పేజీలో గట్టు మీద కర్రకు కట్టిన బోర్డు, దాని ముందు ఆగిన పనివాడు. ఆ తర్వాత శుభలేఖలు, ఒక బియ్యం సంచి, మందుల చీటీల మీద వేసే పొద్దు పొడుపు, పొద్దు గూకుడు గుర్తులు. రాత అంతా కలిపి చివరి పేజీలో నాలుగు వాక్యాలు. తండ్రి ప్రస్తావన ఎక్కడా లేదు.

అయితే బొమ్మ పెద్దది కావడంతో అంతకుముందు నా కంటికి ఆనని ఒక లోపం బయటపడింది. ఆ చేతి చూపుడువేలు చివరి కణుపు దగ్గర పక్కకు వంగి ఉంది. గుర్తు బొమ్మల్లో పనికిరాని వివరం ఏదీ ఉండకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. చెయ్యి అంటే ఎవరిదో ఒకరి చెయ్యి కాదు, చెయ్యి, అంతే. వంకర వేలు చూస్తే ప్యానెల్ దాన్ని డ్రాయింగ్ తప్పు అనుకుంటుంది. ఫోన్ చేసి అదే చెప్పాను.

"అది అలాగే ఉంచుతానండి," అంది నాగమణి.

ఆమెకు అర్థం కాలేదేమోనని మళ్లీ వివరించాను. డ్రాయింగ్‌కు విడిగా మార్కులుంటాయని, రెండు పోస్టుల్లో ఏది ఎవరికన్నది ఆ మార్కులే తేలుస్తాయని, గీత సరిచేయడానికి అరగంట కూడా పట్టదని చెప్పాను.

"తెలుసండి. అయినా ఉంచుతానండి."

"ఉద్యోగమే పోతే?"

"పోతే పోద్దండి. ఏమీ అనుకోకండి మేడమ్."

నాకు ఒళ్లు మండింది. కొట్టు మూసేస్తున్నారు, ఇంట్లో తల్లి కూలి తప్ప మరో సంపాదన లేదు, ఒక్క వేలి దగ్గర ఈ మొండితనమేమిటని విసుక్కున్నాను. అభ్యర్థి పనిలో శాఖాధిపతి చెయ్యి పెట్టకూడదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు హైదరాబాద్ పంపాను.

ప్యానెల్ ఆమెను ఇంటర్వ్యూకు పిలిచింది. వీడియోలో, మా ఆఫీసు గదిలోనే జరిగింది. నేను ఒక పక్కన కూర్చున్నాను. ప్యానెల్ అధ్యక్షుడు నాకు పాత సహోద్యోగి, తక్కువ మాట్లాడే మనిషి. మొదటి పేజీ తెర మీదికి రాగానే ఆయన ముందుకు వంగాడు. చాలాసేపు పేజీ మార్చలేదు. ఇదెక్కడుందని అడిగాడు. చేపల చెరువు గట్టు మీద ఉందండి, నీళ్లలోకి దిగేముందు కరెంటు ఆపమని చెప్పే బోర్డండి అని నాగమణి ఒక్క వాక్యంలో చెప్పింది. తండ్రి సంగతి ఎత్తలేదు. చెబితే వాళ్ల మనసు కరిగేదని నాకు తెలుసు, ఆమెకూ తెలిసే ఉంటుంది. తర్వాత ప్యానెల్‌లో రెండో సభ్యురాలు, నేను అనుకున్నట్టే, ఆ వేలు ఎందుకు వంకరగా ఉందని అడిగింది.

"చెరువు మీద పనిచేసే చేతులు తిన్నగా ఉండవండి," అంది నాగమణి. "దాన్ని చూసినవాళ్లకి అది మనిషి చెయ్యి అనిపించాలండి."

ఆ జవాబు అధ్యక్షుడికి నచ్చింది. రెండో సభ్యురాలికి నచ్చలేదు. జవాబు బాగుంది కానీ గీత తప్పు గీతేనని ఆమె డ్రాయింగ్‌లో మార్కులు తగ్గించింది. వృత్తిపరంగా ఆమెది అన్యాయం అనలేను, ఆ కుర్చీలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. మొత్తం లెక్కలో నాగమణి రెండో స్థానంలో వచ్చింది. పెద్ద పోస్టు భీమవరం నుంచి వచ్చిన ఒక కుర్రాడికి వెళ్లింది, జూనియర్ డిజైనర్ పోస్టు ఆమెకు దక్కింది. ఆ ఒక్క వేలి ఖరీదు ఆమెకు ఒక మెట్టు. నియామకపత్రం ఇస్తూ ఆ మాట ముఖాన్నే చెప్పాను. నవ్వి ఊరుకుంది. దసరాకు ముందే చేరిపోయింది.

వానలు తగ్గాక ఒక మేత కంపెనీ పని మీద నేనూ నాగమణీ కొల్లేటికోట వెళ్లాం. సంచులు పడవల్లోంచి గట్టు మీదికి ఎలా మోస్తారు, ఎక్కడ తడుస్తాయి, ఏ వైపు రాత అరుగుతుంది, ఇవన్నీ చూసి రాసుకోవాలి. పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. వాళ్ల ఇంటికి వచ్చి తీరాలని నాగమణి పట్టుబట్టింది. తల్లి మంగమ్మ అప్పుడే షెడ్డు నుంచి వచ్చినట్టుంది, చేతులు ఇంకా తెల్లగా ఉబ్బి ఉన్నాయి. మంచం వాల్చి, దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. ఏవండీ, అన్నం తింటారా అని మూడుసార్లు అడిగింది.

నా సంచిలో నాగమణి పోర్ట్‌ఫోలియో అచ్చు ప్రతి ఉంది. మేత కంపెనీవాళ్లకు చూపించడానికి తెచ్చాం. మీ అమ్మాయికి ఉద్యోగం తెచ్చింది ఇదేనమ్మా అని ఆవిడకు అందించాను. నాగమణి లేచి తలుపు దగ్గరికి వెళ్లింది. చదువు లేని ఆవిడకు పాత పోర్ట్‌ఫోలియో ఇచ్చి ఉంటే భర్త ఫొటో తప్ప ఒక్క ముక్కా తెలిసేది కాదు. మంగమ్మ చేతులు చీర చెంగుకు రెండుసార్లు తుడుచుకుని మొదటి పేజీ తెరిచింది.

పేజీ తిప్పలేదు. చాలాసేపు చూసింది. తర్వాత ఉబ్బిన తన వేలితో ఆ వంగిన వేలి చివర ముట్టుకుంది.

"పడవకీ గట్టుకీ మధ్య నలిగిందండి ఈ వేలు," అంది నాతో. "పెళ్లైన కొత్తల్లో. సరిగ్గా అతకలేదండి. మా అమ్మాయి కాలేజీలో చేరినప్పుడు ఎవరిదైనా చెయ్యి గీసుకురమ్మన్నారంట. ఆయన్ని ఈ గుమ్మంలోనే కదలకుండా కూచోబెట్టి గీసిందండి."

నాగమణి తలుపు పక్కన నిలబడి బయటికి చూస్తోంది. నేను మళ్లీ ఆ పేజీ వైపు చూశాను. బోర్డులో ఆ చెయ్యి స్విచ్ పిడిని కిందికి దించుతోంది. ఆ వానరోజు చేయని పని చేస్తోంది. మంగమ్మ పుస్తకం మూసి నాకు ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మేమిద్దరం మేత కంపెనీకి ఇంకో ప్రతి అచ్చు తీసి ఇచ్చాం.

ఆ తర్వాత రెండేళ్లకు నేను ఉద్యోగ విరమణ చేశాను. ఇప్పటికీ ఎవరైనా పిల్లలు పోర్ట్‌ఫోలియో తెచ్చి చూపిస్తే చెప్పేది పాత మాటే. పని ముందు పెట్టండి, మాట తర్వాత పెట్టండి, అడిగినవాళ్లకే చెప్పండి. అందులో మార్చుకోవాల్సింది నాకు ఏమీ కనబడలేదు. ఒక్కటి మాత్రం కలుపుకున్నాను. గీత వంకరగా ఉంటే, సరిచేయమనే ముందు అది ఎవరిదని అడుగుతాను. ఎక్కువమంది పొరపాటని ఒప్పుకుని సరిచేసుకుంటారు.

మొదటి పేజీలో తండ్రి ఉండకూడదని నేను నాగమణికి చెప్పాను. ఆమె మొదటి పేజీ నిండా తండ్రినే పెట్టింది. నేను చెప్పిన నియమాల్లో ఒక్కటి కూడా తప్పలేదు.